దాచేదేం లేకపోతే చూస్తే ఏమైతాది?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. ప్రశ్నపత్రాలు ఇంట్లో కంప్యూటర్లో టైప్ చేస్తా, అందుకే అందులో వాట్సాప్ వెబ్ తెరిచి పెట్టుకుంటా. మొన్న ఫోన్లో లింక్డ్ డివైసెస్ అన్న చోట చూస్తే 'గూగుల్ క్రోమ్, విండోస్' అని రెండు వరుసలున్నాయి. ఒకటి మా ఇంటిది. రెండోది ఆ రోజే మధ్యాహ్నం మూడున్నరకు వాడినట్టు చూపిస్తోంది, ఆ టైమ్‌లో నేను టెన్త్ క్లాసులో ఉన్నా. అది మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్. అడిగితే తడబడలేదు కూడా. "మొగుడూ పెళ్లాల మధ్య దాపరికమేంది, దాచేదేం లేకపోతే నేను చూస్తే ఏమైతాది" అన్నారు. నిజంగా నాకు దాచేదేం లేదు. కానీ నా చెల్లెలు తన కాపురం గోడంతా నాకే మెసేజ్‌లు పెడుతుంది. ఉగాదికి వాళ్లాయన మా ఇంటికొచ్చినప్పుడు మా ఆయన వంకరగా ఎందుకు మాట్లాడారో ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన ఈమెయిల్ పాస్‌వర్డ్ మాత్రం నాకు తెలీదు, నేనెప్పుడూ అడగలేదు. పెళ్లయి పదకొండేళ్లు. పెద్దవాళ్లతో చెప్పాలా, ఊరుకోవాలా?
– ఓ టీచర్, అనంతపురం

జవాబు: ముందు ఫోన్ తీసి ఆ రెండో వరుస మీద నొక్కి లాగౌట్ చేయండి, మిగతాది తర్వాత చదువుదురు. వాట్సాప్‌ను ఫోన్ కాకుండా ఇంకో నాలుగు చోట్ల దాకా తెరిచి పెట్టుకోవచ్చు. ఒకసారి లింక్ అయితే మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా అవతల మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. టూ స్టెప్ పిన్ పెట్టుకున్నా కదా అని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, అది మీ నంబరును ఎవరూ వేరే ఫోన్లో రిజిస్టర్ చేసుకోకుండా అడ్డుకుంటుందే తప్ప ఇలా లింక్ చేయడాన్ని ఆపదు. లింక్ చేయాలంటే మీ ఫోన్ లాక్ తీసి చేతిలో పట్టుకోవాలి. అంటే ఇది కంటపడింది కాబట్టి చదివిన వ్యవహారం కాదు, మీరు నిద్రపోయాకో స్నానానికి వెళ్లినప్పుడో పనిగట్టుకుని చేసింది. ఫోన్ లాక్ ఈరోజే మార్చేయండి, మార్చానని ఆయనకు చెప్పే మార్చండి.

ఇక ఆయన ప్రశ్నకొద్దాం, ఎందుకంటే ఈ మాట మన ఇళ్లల్లో చాలామంది మగవాళ్లు (ఆడవాళ్లు కూడా, నాకొచ్చే ఉత్తరాల్లో వాళ్లూ తక్కువేం లేరు) గొప్ప న్యాయం చెప్పినట్టు అంటుంటారు. దాచేదేం లేకపోతే చూస్తే ఏం? సరే, మీకు దాచేది లేదు. మీ చెల్లెలికి ఉంది కదా. ఆమె అక్కకు చెప్పుకుంది, బావకు కాదు. ఆ మాటలు మీవి కావు, ఆయనవి అసలే కావు. వాటిని చదివి, పండగ పూట ఆ ఇంటల్లుడి మొహం మీద ఎత్తిపొడిచారు చూడండి, నన్నడిగితే చదవడం కన్నా అదే పెద్ద తప్పు. రేపు మీ చెల్లెలింట్లో గొడవ ముదిరితే ఆమె ఇంకెవరితో చెప్పుకుంటుంది? ఆయనతో ఇదే మాట అనండి. 'నా ప్రైవసీ' అని మొదలుపెడితే మీ మధ్య వాదన తప్ప ఏమీ మిగలదు, 'నా చెల్లెలి కాపురం' అంటే ఆయనా ఒక నిమిషం ఆగుతారు.

మీ ఫోన్ రోజూ రాత్రి ఆయన పక్కనే ఛార్జింగ్‌లో ఉంటుంది, తీయాలనుకుంటే చిటికెలో పని. ఇన్నేళ్లూ తీయలేదనే కదా మీరు నిశ్చింతగా పడుకున్నారు, పోయింది ఆ నిశ్చింత. ఇప్పుడు ఆయన ఈమెయిల్ తెరిచి చూడాలని మీకూ అనిపిస్తుండొచ్చు. చూడకండి. చెల్లుకు చెల్లు అనుకుని మొదలుపెడితే ఇంట్లో ఇద్దరు పోలీసులు తయారవుతారు.

అయితే ఇద్దరూ చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. మన సీమ ఇళ్లల్లో నాకు విచిత్రంగా అనిపించేది ఇదే, పెళ్లాం ఎవరితో చాట్ చేస్తోందో తెలిసి తీరాలి గానీ, ఆయన ఎవరికి షూరిటీ సంతకం పెట్టాడో, ఆమె నగలు ఏ బ్యాంకులో కుదువ ఉన్నాయో, చీటీ ఎన్ని నెలలు కట్టకుండా ఆగిందో ఆమెకు తెలియక్కర్లేదు. దాపరికం లేకపోవడమంటే ఆయనకు నిజంగా అంత ఇష్టమైతే అప్పుల కాగితాలతో మొదలుపెట్టమనండి.

చట్టం సంగతి కూడా చెప్తాను, కోర్టుకు పొమ్మని కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017లో తేల్చింది. పెళ్లయితే ఆ హక్కు పుట్టింట్లో వదిలి రావాలని ఎక్కడా లేదు. భార్య మాటలను ఆమెకు తెలీకుండా రికార్డు చేసి విడాకుల కేసులో పెట్టబోయిన భర్తకు 2007లోనే మన హైకోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. కానీ 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, విడాకుల దాకా వచ్చాక అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చంది. అదే తీర్పులో, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితికి వచ్చారంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే లేనట్టు అన్న అర్థంలోనూ చెప్పింది.

పెద్దవాళ్లకు ఇప్పుడే వద్దు. చెప్తే చెల్లెలి విషయం కూడా పంచాయితీలోకి వస్తుంది. ఆయన మళ్లీ లింక్ చేసినా, ఫోన్ లాక్కున్నా, చెయ్యెత్తినా అప్పుడు మాత్రం మొహమాటపడకండి, 181కి ఫోన్ చేయండి. ఇంటి కంప్యూటర్లో ఇద్దరికీ వేర్వేరు విండోస్ అకౌంట్లు, వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టుకోండి. ప్రశ్నపత్రాలున్న మిషన్ కదా, ఆ వంక చెప్పినా చాలు. లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కితే లాక్ పడుతుంది.

ప్రశ్న: నేను గదిలోకి రాగానే మా ఆమె కంప్యూటర్లో ఏదో మూసేస్తోంది. హిస్టరీ చూస్తే ఖాళీ. ఏ కీ కొట్టినా రికార్డయ్యే సాఫ్ట్‌వేర్ ఉందని, తనే వేసిస్తానని ఫ్రెండ్ అంటున్నాడు. వేయించనా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: వద్దు. ముందు ఆ ఫ్రెండ్‌ను కంప్యూటర్‌కు దూరంగా పెట్టండి. కీలాగర్ అనే ఆ సరుకు మీ ఆమె టైప్ చేసేదే కాదు, మీ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కూడా రాసుకుంటుంది. అదంతా ఎవరికి చేరుతుందో వేసినవాడికే తెలుసు. కంప్యూటర్ మీ డబ్బుతో కొన్నదే కావచ్చు, ఆమె మెయిలు ఆమెదే. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. హిస్టరీ ఖాళీ అంటే ఇన్‌కాగ్నిటో (చూసినవి హిస్టరీలో మిగలకుండా బ్రౌజర్ తెరిచే పద్ధతి) వాడుతుండొచ్చు, అదేం నేరం కాదు. ఉద్యోగం వెతుక్కుంటుందో, చెప్పుకోలేని జబ్బు గురించి చదువుతుందో, మీరనుకున్నదే అవుతుందో నాకు తెలీదు. మీకూ తెలీదు. భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, "నేను రాగానే మూసేస్తున్నావు, నాకు టెన్షన్‌గా ఉంది" అని అడగండి. "ఏం చూస్తున్నావ్" అని కాదు.

ప్రశ్న: అక్కా, పెళ్లయి ఆరు నెలలు. మా ఆయన తన పాస్‌వర్డ్‌లన్నీ ఒక పుస్తకంలో రాసిచ్చి నన్నూ రాయమంటున్నారు. మంచిదే కదా?
– ఓ చెల్లి, కడప

జవాబు: ముందు తనవి ఇచ్చి అడిగారు, మంచి మనిషే. ఇష్టమైతే రాయి, ఇబ్బందిగా ఉంటే లేదను. ఆఫీసువి మాత్రం వద్దు, అవి నీవి కావు. ఏటీఎం, యూపీఐ పిన్‌లూ వద్దు. పిన్ వేరేవాళ్లకు చెప్పాక డబ్బు పోతే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మనమే భరించాలన్నది రిజర్వు బ్యాంకు రూలు. దానికి బదులు జాయింట్ అకౌంట్ ఒకటి తెరవండి. ఆ పుస్తకంలో ఇంకో పేజీ పెట్టి ఇన్సూరెన్సులు, డిపాజిట్లు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నవి రాసుకోండి. ఆయనకు పీఎఫ్ ఉంటే నామినేషన్ మళ్లీ వేయమను, పెళ్లికి ముందు వేసినది పెళ్లితోనే చెల్లకుండా పోతుంది.