సమాధానం: వేల్స్ నుంచి వచ్చిన జాన్ జోన్స్ ఏ ఊరివాడు?

1869లో అమెరికాలోని స్క్రాంటన్ చేరిన బొగ్గుగని కార్మికుడు, మీ ఆవిడగారి పూర్వీకుడు. పేరు జాన్ జోన్స్, అమెరికా జనగణనలో పుట్టిన చోటు 'వేల్స్' అని మాత్రమే ఉంది. ఇదీ మీ చిక్కు.

ముందు వేల్స్ రికార్డుల జోలికి వెళ్లకండి. అక్కడ జాన్ జోన్స్‌లు వేలల్లో ఉంటారు. ఊరి పేరు అమెరికాలోనే దొరకాలి. 1906కు ముందు పౌరసత్వ కాగితాల్లో సాధారణంగా దేశం పేరు తప్ప ఏమీ ఉండదు, వాటిపై ఆశ వద్దు. సమాధిరాయి, వెల్ష్ (వేల్స్ వారి) చాపెల్ అంటే చర్చి రిజిస్టరు, 1851లో మొదలైన వెల్ష్ భాషా పత్రిక 'అ ద్రీఖ్'లోని మరణవార్తలు చూడండి. వాటిలో కనిపించే 'గెనెదిగోల్ ఓ' అంటే 'ఫలానా చోట పుట్టిన' అని అర్థం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: 'ఓ' తర్వాత ఊరి పేరు మొదటి అక్షరం మారుతుంది. మెర్థిర్ కాస్తా వెర్థిర్, ట్రెడెగార్ కాస్తా డ్రెడెగార్ అవుతాయి. మ్యాప్‌లో అలాగే వెతికితే దొరకవు.

ఊరు తేలాక వేల్స్‌లో జరిగిన 1851, 1861 జనగణనలు చూడండి, పుట్టిన పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) ఉంటుంది. 1841లో పెద్దల వయసు ఐదేళ్ల మెట్టుకు తగ్గించి రాశారు, ఆ తేడా పట్టించుకోకండి. 1837 జులై తర్వాత పుట్టి ఉంటే జనరల్ రిజిస్టర్ ఆఫీసు (GRO) వారి ఆన్‌లైన్ జనన సూచికలో తల్లి పుట్టింటి పేరుతో వడపోయండి. 'జోన్స్' మన ఇంటిపేరులా తరాలుగా వచ్చిందనుకోవద్దు. వేల్స్‌లో చాలాచోట్ల తండ్రి పేరే ఇంటిపేరయ్యేది, 'జోన్స్' అంటే జాన్ కొడుకు. కాబట్టి తాత పేరు జాన్ డేవిడ్ కావచ్చు.

సమాధిరాయి మీద ఏముందో అక్షరం మార్చకుండా ఇక్కడ పెట్టండి.