‘ఉష్ణసహ’మా, ‘ఉష్ణప్రియ’మా?

సందేహం: వేడినీటి బుగ్గల్లోని సూక్ష్మజీవుల నుంచి పరిశ్రమలకు పనికొచ్చే ఎంజైములు రాబట్టడంపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘థర్మోఫైల్’కు ‘ఉష్ణసహ జీవి’ అని రాస్తే, మా సంపాదకులు ‘ఉష్ణప్రియ జీవి’ అని దిద్దారు. ఏది సరి? అవి ఉండే చోటును ‘విపరీత వాతావరణం’ అనవచ్చా?
— ఒక అనువాదకురాలు

సమాధానం: దిద్దుబాటు సరైనదే. అలాగని మీ మాటను పారేయకండి, దానితో మరోచోట పని ఉంది.

‘సహ’ అన్నది పదం ముందు చేరితే ‘కూడి ఉన్న’ అని అర్థం: సహచరుడు, సహపంక్తి. చివర చేరితే ‘ఓర్చుకునేది’. భూమిని సర్వంసహ అన్నది అందుకే. పాపం, ఆమె అన్నీ ఓర్చుకుంటుంది, అన్నీ ఇష్టమై కాదు. జొన్న నీటి ఎద్దడిని తట్టుకుంటుందంటాం గానీ ఎద్దడిని కోరుతుందని ఏ రైతూ అనడు. ‘ఫైల్’ గ్రీకులో ప్రేమను చెప్పే మాట. కాబట్టి థర్మోఫైల్ వేడిని కోరే జీవి, ఉష్ణప్రియం.

అమెరికాలో ఎల్లోస్టోన్ బుగ్గల నుంచి థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ వేరుచేసిన థర్మస్ అక్వాటికస్‌నే చూడండి. (వేడినీళ్లలో వెతికినవాడి ఇంటిపేరుకు ‘గడ్డకట్టు’ అని అర్థం రావడం తమాషానే.) 1969లో వారు దాన్ని లోకానికి పరిచయం చేశారు. 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది హాయిగా పెరుగుతుంది, 40కి దిగువన పెరగనే పెరగదు. ఇలాంటిదాన్ని ‘వేడిని ఓర్చుకునేది’ అంటే దానికి అన్యాయం చేసినట్టే.

ఇక ఎంజైము సంగతి. పీసీఆర్ అంటే ఎంజైము సాయంతో డీఎన్ఏకు నకళ్ల మీద నకళ్లు తీసే పరీక్ష. అందులో డీఎన్ఏ జంట పోగులను విడదీయడానికి ప్రతి ఆవృత్తిలోనూ సుమారు 95 డిగ్రీల దాకా వేడిచేస్తారు. మామూలు బాక్టీరియా ఎంజైము ఆ వేడికి, ఉడికిన గుడ్డులో తెల్లసొనలా, బిగుసుకుపోతుంది, మళ్లీ పనికిరాదు. మొదట్లో ఆవృత్తికోసారి కొత్త ఎంజైము పోయాల్సి వచ్చేది. ఈ బుగ్గ జీవి నుంచి తీసిన ‘టాక్ పాలిమరేజ్’ ఆ బాధ తప్పించింది. అది చురుగ్గా పనిచేసేది 72 డిగ్రీల చుట్టుపక్కల. 95 దగ్గర అది చేసేదల్లా ఓర్చుకోవడమే; అక్కడ దాని సత్తువ సగానికి తగ్గడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. మీ ‘ఉష్ణసహ’ అతికేది ఇక్కడే: జీవి ఉష్ణప్రియం, దాని ఎంజైము ఉష్ణసహం. వ్యాసంలో రెండూ వాడండి. సంస్కృతానికి ఇంగ్లీషు మాట అతికితే వైరి సమాసమని ఎవరైనా ముఖం చిట్లిస్తే ‘వేడికి చెడని ఎంజైము’ అనండి. నన్నడిగితే అదే ముద్దు.

‘విపరీత’ విషయంలో జాగ్రత్త. సంస్కృతంలో దానికి ‘తలకిందులైన, వ్యతిరేకమైన’ అని అర్థం. వినాశకాలే విపరీతబుద్ధిః అన్నప్పటి అర్థం అదే. ‘విపరీతమైన ఎండ’ అంటూ ‘మితిమీరిన’ అనే అర్థం మనం తెచ్చుకున్నాం. అది తప్పు కాదు, వ్యవహారం స్థిరపడింది. ‘వాతావరణం’ దగ్గరే చిక్కు. ‘విపరీత వాతావరణం’ అనగానే పాఠకుడికి తుపానులు, వడగాడ్పులు గుర్తుకొస్తాయి. పత్రికలు ఆ జంటను వాటికే వాడుతున్నాయి. పైగా మనకు మితిమీరిన వేడి ఆ జీవికి సొంతిల్లు. శీర్షికలో ‘తీవ్ర పరిస్థితులు’ అని ఒక్కసారి అని, లోపల ఆయా చోట్లను వాటి పేర్లతోనే చెప్పండి: వేడినీటి బుగ్గ, ఉప్పుమడి, లోణార్ లాంటి క్షార సరస్సు.