స్త్రీవాదం చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?

అందరూ ముందు ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ ద బోవా పేరే చెబుతారు. 1949 నాటి ‘ది సెకండ్ సెక్స్’ గొప్పదే, కాదనను, కానీ ఆ లావు చూసే చాలామంది పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే ఇంగ్లిష్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌తో మొదలుపెట్టండి. 1929లో వచ్చిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ చిన్న పుస్తకం. అందులో ఒకామె ఏదో ఆలోచించుకుంటూ కాలేజీ పచ్చికలో నడుస్తుంటే కాపలావాడు పరుగున వచ్చి అడ్డుకుంటాడు, ఆడవాళ్లు కంకర దారిలోనే నడవాలట, ఈ గొడవలో ఆమెకు తట్టిన ఆలోచన కాస్తా జారిపోతుంది, పోనీ లైబ్రరీకి వెళ్దామంటే అక్కడా కాలేజీ ఫెలో, అంటే ఆ కాలేజీ అధ్యాపక సభ్యుడు, తోడుండాలి, లేదంటే పరిచయపత్రం తేవాలి. రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌండ్లు ఉండాలని లెక్కకట్టి మరీ చెప్పింది వుల్ఫ్.

ఆ తర్వాత అమెరికన్ నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ తప్పనిసరి. ఇంట్లో విసిగిపోయిన గృహిణులకు ఇల్లు దాటిన పని కావాలని 1963లో అమెరికన్ రచయిత్రి బెట్టీ ఫ్రీడన్ రాస్తే, మరి వాళ్ల పిల్లల్ని, ఇంటిపనిని ఎవరి మీద వేస్తారని 1984లో హుక్స్ నిలదీసింది. ఇప్పటికీ గుచ్చుకునే ప్రశ్నే.

సరదాగా కావాలంటే బెంగాలీ రచయిత్రి రొకేయా 1905లో రాసిన కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ చదవండి: మగవాళ్లంతా నాలుగు గోడల మధ్య, ఆడవాళ్లేమో సూర్యుడి వేడితో వండుకుంటూ దేశాన్ని నడిపేస్తుంటారు. ఒక్క పూటలో అయిపోతుంది.