టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లయింగ్ ట్రైనింగ్: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. పైలట్ కావాలని చిన్నప్పటి నుంచీ పట్టుదల. అమెరికాలోని టెక్సస్‌లో ఒక ఫ్లయింగ్ స్కూల్లో సీటు వచ్చింది, అడ్వాన్స్ కూడా కట్టాం. ఆ ఎయిర్‌పోర్ట్‌లో కంట్రోల్ టవరే లేదని ఇప్పుడు తెలిసింది. పైలట్లే రేడియోలో ఒకరికొకరు చెప్పుకొని దిగుతారట. 2025 జులైలో కెనడాలో రెండు ట్రైనింగ్ విమానాలు ఢీకొని కేరళ కుర్రాడు చనిపోయిన వార్త చదివాక మా ఆవిడకు నిద్ర పట్టడం లేదు. ఇది కాపలా లేని రైల్వే గేటు లాంటిదే కదండీ? స్కూల్ మార్చేయమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: టవర్ లేదన్న ఒక్క కారణంతో స్కూల్ మార్చకండి. మార్చాల్సిన కారణాలు వేరే ఉండొచ్చు, అవి ఎలా పట్టుకోవాలో చెబుతాను.

ముందు ఒక లెక్క చూడండి. అమెరికాలో అందరూ వాడుకోగల ఎయిర్‌పోర్టులు దాదాపు 5,000. వాటిలో టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. అంటే పదింటిలో తొమ్మిదింటికి టవర్ ఉండదు. టవర్ ఉన్నచోట కూడా కొన్నిటిని రాత్రిపూట మూసేస్తారు, తెల్లారేదాకా అక్కడా ఇదే పద్ధతి. కాబట్టి మీ స్కూల్ వాళ్లు ఏదో దాచిపెట్టి మోసం చేశారని అనుకోనక్కర్లేదు. మన దగ్గర బేగంపేటలో టవర్ చెప్పినట్టు నడుచుకోవడం చూసినవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది, అంతే.

రైల్వే గేటు పోలిక ఒకచోట తేడా కొడుతుంది. రైలు మీ కోసం చూడదు, పక్కకు తప్పుకోదు. ఇక్కడ గాల్లో ఉన్న ప్రతి పైలట్ కళ్లు తెరిచి ఎదుటివాళ్లను చూసి తప్పుకోవాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లోనే ఉంది. దిగడానికి రన్‌వేకి ఎదురుగా వచ్చేసిన విమానానికి మిగతావాళ్లు దారివ్వాలి. ఇద్దరు దిగబోతుంటే కిందున్నవాళ్లది ముందు హక్కు. అలాగని ఆ హక్కు చూపించి ముందువాళ్లకు అడ్డంగా దూరకూడదు, అది కూడా రాసే ఉంది.

దిగే పద్ధతికీ ఒక దారి ఉంది. రన్‌వే పక్కన దీర్ఘచతురస్రం గీసినట్టు, సాధారణంగా నేల నుంచి 1,000 అడుగుల ఎత్తులో అందరూ ఒకే వైపు తిరుగుతారు. దీన్నే ట్రాఫిక్ ప్యాటర్న్ అంటారు. ఆ ఎయిర్‌పోర్ట్‌కు వేరే సూచన లేకపోతే మలుపులన్నీ ఎడమకే. బయటి నుంచి వచ్చేవాళ్లు 10 మైళ్ల దూరం నుంచే రేడియో వినడం మొదలుపెట్టి, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూసుకుని, రన్‌వేకి సమాంతరంగా సాగే డౌన్‌విండ్‌లోకి 45 డిగ్రీల కోణంలో వచ్చి కలుస్తారు.

రేడియోలో అనుమతి అడగరు, తాము ఎక్కడున్నామో కబురు చెబుతారు. టెక్సస్‌లోనే బ్రెన్‌హామ్ అనే చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది. అక్కడ వినిపించే మాట ఇలా ఉంటుంది: 'బ్రెన్‌హామ్ ట్రాఫిక్, సెస్నా త్రీ ఫోర్ బ్రావో, లెఫ్ట్ డౌన్‌విండ్, రన్‌వే వన్ సిక్స్, టచ్ అండ్ గో, బ్రెన్‌హామ్.' టచ్ అండ్ గో అంటే చక్రాలు ఆనించి వెంటనే మళ్లీ లేవడం. ఊరి పేరు మొదట్లోనూ చివర్లోనూ చెప్పడానికి కారణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల రెండు మూడు ఎయిర్‌పోర్టులు వాడుకుంటుంటాయి. మొదటి ముక్క వినపడకపోయినా చివర్లో 'బ్రెన్‌హామ్' అన్నది వింటే ఇది మన గొడవో పక్క ఊరి గొడవో తెలిసిపోతుంది.

ఇక్కడ మన పిల్లలకు ఒక ఇబ్బంది వస్తుంది. అమెరికన్లలా మాట్లాడాలన్న టెన్షన్‌లో గబగబా చెప్పేస్తారు, అవతలివాళ్లకు సగం అర్థం కాదు. యాసతో సమస్య లేదు, వేగంతోనే. టవర్ లేని కొన్ని ఎయిర్‌పోర్టుల రేడియో మాటలు కూడా లైవ్‌ఏటీసీ అనే వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వినొచ్చు. రోజూ కాసేపు విని, తను చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకుని మళ్లీ వినమనండి. ఫ్లైట్ ఎక్కేలోపు నాలుక తిరుగుతుంది. 'ఈ ఏరియాలో ఎవరైనా ఉంటే చెప్పండి' అని అడిగేవాళ్లూ అక్కడ వినపడతారు. అలా అడగొద్దని ఎఫ్ఏఏ స్పష్టంగానే చెప్పింది, అది మాత్రం నేర్చుకోవద్దనండి.

అయితే రేడియో ఒక్కటే కాపాడుతుందని అనుకోవద్దు. ఇలాంటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో చాలాచోట్ల రేడియో తప్పనిసరే కాదు. కరెంటు వ్యవస్థే లేని పాత పైపర్ కబ్ లాంటి విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి. చుట్టుపక్కల విమానాలను చూపించడానికి కాక్‌పిట్‌లో పెట్టుకునే ఐప్యాడ్ మీద కూడా అవి కనిపించకపోవచ్చు. రేడియో పనిచేస్తున్నా ప్రమాదాలు జరిగాయి. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో ఒక చిన్న సెస్నా 152 ప్యాటర్న్‌లో తిరుగుతోంది. రెండు ఇంజిన్ల సెస్నా 340 దూరం నుంచి నేరుగా రన్‌వేకి వచ్చింది, అదీ చిన్నదానికి రెట్టింపు పైగా వేగంతో. ఇద్దరు పైలట్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నదీ చెబుతూనే ఉన్నారు. అయినా ఢీకొని ముగ్గురు చనిపోయారు. పెద్ద విమానం పైలట్ ముందున్నదాన్ని చూసి తప్పుకోకపోవడమే కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మీరు చదివిన కెనడా ప్రమాదంలో రెండు విమానాలూ ఒకే స్కూల్‌వి, ఇద్దరూ దిగబోతున్న విద్యార్థులే.

ఎదురుగా ఉన్న విమానం కనపడకపోవడమేంటి అని మీకు అనిపించొచ్చు. సెస్నా 172కి రెక్కలు పైన ఉంటాయి, అందులో కూర్చుంటే పైన ఉన్నది కనపడదు. పైపర్ చెరోకీ లాంటివాటికి రెక్కలు కింద, కాబట్టి కింద ఉన్నది కనపడదు. రన్‌వే వైపు దిగుతూ పైన పైపర్, దాని కింద సెస్నా ఉంటే ఇద్దరిలో ఒక్కరికీ రెండోవాళ్లు కనపడరు. ఇంకొకటి, కాక్‌పిట్ ముందు అద్దంలోంచి చూస్తే అటో ఇటో జరుగుతున్న విమానం మామూలుగా దాటిపోతుంది. ఒకేచోట కదలకుండా చుక్కలా ఉండి మెల్లగా పెద్దదవుతుంటే అది మన మీదికే వస్తున్నట్టు. కదిలేదాన్ని కన్ను ఇట్టే పట్టేస్తుంది, కదలనిదాన్ని పట్టదు. అందుకే మంచి ఇన్‌స్ట్రక్టర్లు మలుపు తిప్పే ముందు రెక్క కాస్త ఎత్తి చూడమంటారు, ఐప్యాడ్ మీంచి తల ఎత్తమని విసుగు లేకుండా చెబుతూనే ఉంటారు.

తల్లిదండ్రులు అడగని ప్రమాదం ఇంకొకటి ఉంది. నన్నడిగితే ఢీకొనడం కన్నా దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. దిగే ముందు రన్‌వేకి ఎదురుగా వచ్చే ఆఖరి మలుపులో కాస్త దాటిపోతే, సరిచేద్దామని విమానాన్ని బిగించి తిప్పుతారు. తక్కువ వేగంలో అలా తిప్పితే రెక్కకు ఎత్తే శక్తి పోయి విమానం గింగిరాలు తిరుగుతుంది. అంత తక్కువ ఎత్తులో మళ్లీ నిలబెట్టుకునే వ్యవధి ఉండదు. టవర్ ఉన్నా దీన్ని ఆపలేదు. 'తేడాగా అనిపిస్తే దిగకు, మళ్లీ పైకి లేచి ఇంకో రౌండ్ కొట్టు' అన్న మాట విద్యార్థి ఒంట్లో ఇంకిపోవాలి. రౌండ్ కొడితే నవ్వే స్కూల్ అయితే పిల్లని పంపకండి.

అందుకే స్కూల్‌తో వీడియో కాల్ పెట్టించుకోండి. ఏజెంట్ వద్దు, ఇన్‌స్ట్రక్టర్ కావాలనండి. విద్యార్థి ఒంటరిగా ఎగిరేటప్పుడు ప్యాటర్న్‌లో ఎన్ని విమానాలు దాటితే ఆపేస్తారో, గాలి ఎంత ఉంటే సోలో ఇవ్వరో కచ్చితమైన అంకెలు చెప్పగలగాలి. 'అది ఇన్‌స్ట్రక్టర్ ఇష్టం' అన్నారంటే రాసిపెట్టుకున్న నియమాలు లేనట్టే. అదే ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో స్కూల్ ఉంటే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారా అని అడగండి. 'మా విమానాల్లో ట్రాఫిక్ చూపించే స్క్రీన్లున్నాయి, ప్రాబ్లమ్ లేదు' అని ఒక్క మాటతో తేల్చేస్తే నాకైతే ఆ స్కూల్ నచ్చదు. అక్కడే చదువుతున్న మన తెలుగు పిల్లలు ఉంటే విడిగా ఫోన్ చేసి, విమానంలో చిన్న లోపం రాసిస్తే ఏమవుతుందో అడగండి. బాగుచేస్తారా, 'ఈ ఒక్కసారికి వెళ్లిరా' అంటారా?

టవర్ లేనిచోట నేర్చుకుంటే టవర్ అలవాటు కాదేమో అన్న దిగులు కూడా మీకు ఉంటే, అది కొంతవరకు సరైనదే. రేపు శంషాబాద్‌లోనో విజయవాడలోనో దిగేటప్పుడు టవర్ చెప్పిందే వినాలి కదా. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కే టవర్ ఉన్నచోట ఒంటరిగా కనీసం 3 సార్లు ఎగిరి దిగాలన్న నిబంధన ఉంది. అది కనీసం మాత్రమే. నెలకు రెండు మూడు సార్లయినా పక్కనున్న టవర్ ఎయిర్‌పోర్ట్‌కు తీసుకెళ్తారా అని అడగండి. రద్దీగా ఉండే టవర్ ఎయిర్‌పోర్ట్‌లో చేరితే ఇంకో బాధ ఉంది: టేకాఫ్ కోసం క్యూలో నిలబడ్డ సేపు కూడా ఇంజిన్ తిరుగుతుంటుంది, మీటరూ తిరుగుతుంటుంది. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు కావాలి. ఆ గంటల్లో ఎంతసేపు గాల్లో ఉన్నారు, ఎంతసేపు నేల మీద నిలబడ్డారు అన్నది మీ లోన్ మీద తేలుతుంది.

డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ (పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష) అయిందో లేదో మీరు రాయలేదు. ఆ సర్టిఫికెట్ చేతికి రాకుండా మిగతా ఫీజు పైసా కూడా పంపకండి.