కొత్తగా చేరినామెకి ‘మా’ స్వాగతమా, ‘మన’ స్వాగతమా?

సందేహం: కావలిలో కొంతమందిమి కలిసి పుస్తకాలు చదివే గ్రూపు ఒకటి నడుపుతున్నాం, అంతా ఆన్‌లైన్‌లోనే. పార్సిళ్ళు, లిస్టులు, ఆదివారం మీటింగులు ఇన్నాళ్ళూ మేమే చూసుకున్నాం, ఇప్పుడు పని పెరిగి జీతమిచ్చి ఒకమ్మాయిని పెట్టుకున్నాం. ఆ సంగతి అందరికీ ఇట్టా రాశాను: ‘మా బుక్ కమ్యూనిటీకి సుస్వాగతం. మా టీంలో కొత్త సిబ్బంది సభ్యురాలు ఫలానా గారు జాయిన్ అయింది. కొత్త ఉద్యోగిని సాదరపూర్వకంగా స్వాగతిద్దాం.’ సుస్వాగతం తప్పని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఒప్పేనని ఇంకొకాయన, రెండ్రోజులు అదే గొడవ. ఇంతకీ అది తప్పా రైటా? ఇంకొకటి, ఆ అమ్మాయికి లైబ్రేరియన్ అని హోదా ఇచ్చాం, తెలుగులో ‘గ్రంధపాలకురాలు’ అని పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, సుస్వాగతం గొడవ చిన్నది కాబట్టి ముందు దాన్ని తేల్చేస్తాను. సు + ఆగతం = స్వాగతం, యణాదేశ సంధి, బడిలో అందరం చదువుకున్నదే. అంటే స్వాగతంలోనే ఒక ‘సు’ ఉంది, దాని ముందు ఇంకొకటి పెడితే రెండు సులు అయితాయి. మాస్టారు చెప్పింది వ్యాకరణం ప్రకారం కరెక్టే. కాకపోతే ఊరి మొదట్లో ఆర్చీల మీదా పెళ్ళి పందిళ్ళ ముందరా రాసీ రాసీ అది జనంలో నిలిచిపోయింది, నడిసెంటర్ అనే మాటలో నడి, సెంటర్ రెండూ ఒకటే అని తెలిసి కూడా మనం అనడం మానామా ఏంది. నేనైతే సుస్వాగతం అని రాయను, ఇంకొకరు రాస్తే దిద్దను, అంతే. ‘సాదరపూర్వకంగా’ మాత్రం దిద్దుతాను. సాదరం అంటేనే ఆదరంతో కూడినది, మళ్ళీ పూర్వకంగా ఎందుకు, సాదరంగా అనండి లేకపోతే ఆదరపూర్వకంగా అనండి. సవినయపూర్వకంగా అని అర్జీల్లో రాసేదీ ఇదే బాపతు. పోనీ అవన్నీ తీసేసి ‘హార్దిక స్వాగతం’ అని పెడదామనుకుంటే ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు జాగ్రత్త, అది ‘ఆర్థిక స్వాగతం’ అయి కూర్చుంటే కొత్తగా జీతానికి చేరిన అమ్మాయి ఇంకో అర్థం తీసుకుంటుంది.

కానీ రెండ్రోజులు కొట్లాడుకున్న మీవాళ్ళెవరూ ఆ సుస్వాగతం ముందున్న ‘కి’ని చూడలేదు, నాకది విచిత్రంగా ఉంది. తెలుగులో స్వాగతం ఎవరికి చెప్తామో ఆ మనిషికి ‘కి’ గానీ ‘కు’ గానీ వస్తుంది. కలెక్టర్ గారికి స్వాగతం, అతిథులకు స్వాగతం. మరి ‘కమ్యూనిటీకి సుస్వాగతం’ అంటే ఎవరికి చెప్పినట్టు? కమ్యూనిటీకే. ‘నెల్లూరుకు స్వాగతం’ అని బోర్డు చూసినప్పుడల్లా నెల్లూరే ఎక్కడికో పోయి ఇప్పుడే బస్సు దిగినట్టు అనిపిస్తుంది నాకు. ఇది ఇంగ్లీషు బోర్డులు చూసి తయారైన వాక్యం. మన పంచాయతీల వాళ్ళు పాతకాలం నుంచి రాసే పద్ధతి ఇంకోటుంది చూడండి, ‘ఫలానా గ్రామ పంచాయతీ మీకు స్వాగతం పలుకుతోంది’ అని, అందులో ఎవరు పలుకుతున్నారో ఎవరికి పలుకుతున్నారో రెండూ తేటగా ఉండాయి, అది అసలైన తెలుగు. చోటు కూడా చెప్పాలంటే ‘లోకి’ ఉండనే ఉంది, గ్రూపులోకి మీకు స్వాగతం అంటే సరిపోయె.

తర్వాత సిబ్బంది. ఇది పారసీ నుంచి వచ్చిన మాట, సిహ్‌బందీ అంటే శిస్తు వసూళ్ళకీ కాపలాకీ పెట్టుకున్న బంట్ల దండు, కంపెనీ కాలంలో ఇంగ్లీషు దొరలు సెబండీ అని రాసుకున్నది దీన్నే. ఇప్పుడు బంట్లు పోయి ఆఫీసు వాళ్ళు మిగిలారు గానీ దండు అనే అర్థం మాత్రం మాటలో అట్నే ఉంది, అందుకే ‘ఆస్పత్రి సిబ్బంది వచ్చారు’ అంటాం గానీ ఒక్క మనిషిని చూపించి ‘ఈయన సిబ్బంది’ అనం. మీకూ ఆ ఎబ్బెట్టు తగిలే ఉంటుంది, అందుకే పక్కన ‘సభ్యురాలు’ తగిలించారు. ఇంగ్లీషులో అట్టా రెండు మాటలుంటాయి కదా అని తెలుగులో కూడా రెండు పెడితే అది అతుకు. మీ దగ్గర జీతానికి ఉండేది ఒక్కరే, ఒక్కరితో సిబ్బంది కాదు. ఇంకో ఇద్దర్ని పెట్టుకున్నాక ఆ మాట వాడుకోండి, అప్పుడు కూడా ‘కొత్త సిబ్బందికి’ అని టైప్ చేసేటప్పుడు ఒక అక్షరం జారితే ‘కొత్త ఇబ్బందికి స్వాగతం’ అయ్యే ప్రమాదం ఉండనే ఉంది.

‘ఉద్యోగిని’ ఇంకో తమాషా. స్త్రీలింగంలో ఉద్యోగిని అనే మాట ఉంది, ఉద్యోగి అనే మాటకి ‘ని’ విభక్తి చేర్చినా ఉద్యోగినే అవుతుంది. ‘కొత్త ఉద్యోగిని స్వాగతిద్దాం’ అని మీరు రాసింది ఏది? మొదటిదైతే ‘ఉద్యోగినిని’ అని రాయాలి, పలకడానికి నోరు తిరగదు. రెండోదైతే ఉద్యోగి ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది కాబట్టి గొడవ లేదు, నేను దీనికే ఓటేస్తా. ‘స్వాగతించు’ అనేది కూడా ఇప్పుడు ఎక్కువగా నిర్ణయాలకీ తీర్పులకీ వాడుతున్నారు, మనిషికైతే స్వాగతం చెప్తాం, స్వాగతం పలుకుతాం. ఆహ్వానించడం రాకముందు, స్వాగతం చెప్పడం వచ్చినాక, ఈ వరస గుర్తుంటే కార్డుల మీద తికమక ఉండదు.

ఇక ‘గారు జాయిన్ అయింది’. జాయిన్ అయితే ఫరవాలేదు, చేరారు అన్నా జాయిన్ అయ్యారు అన్నా నాకొకటే. కానీ గారు పెట్టాక ‘అయింది’ రాదు. తెలుగులో ఒక ఆడమనిషికి, ఒక వస్తువుకి క్రియ ఒకటే, బస్సు వచ్చింది, పార్సిల్ వచ్చింది, అమ్మాయి వచ్చింది. బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఏకవచనంలో ఆడవాళ్ళని అమహత్తుల్లో, అంటే మగవాళ్ళు కానివాటి వరసలో, వేసింది ఇందుకే, బహువచనంలోకి వచ్చేసరికి మాత్రం ఆడామగా అందరికీ ‘వచ్చారు’ ఒకటే. తమిళంలో, కన్నడంలో ఆడమనిషికి వేరే క్రియారూపం ఉంది, మనకి లేదు. అట్టని వచ్చింది అన్న ప్రతిసారీ తక్కువ చేసినట్టు కాదండోయ్, ‘మా అమ్మ వచ్చింది’ అనడంలో ఉన్న దగ్గరతనం ‘మా అమ్మ గారు వచ్చారు’లో రాదు. కానీ మీరు రాసింది నలుగురికీ చెప్పే కబురు, అందులో కొంతమంది ఆ అమ్మాయిని చూసి కూడా ఉండరు, మొదటి పరిచయంలోనే ‘జాయిన్ అయింది’ అని చదివితే ఇంకెవరూ ఆమెని ‘మీరు’ అని పిలవరు. వయసులో చిన్నదే కదా అంటారేమో, ఇంట్లో ‘పాప వచ్చింది’ అనుకోండి, పదిమందిలో చేరారు అనండి. మన నెల్లూరు మాటలో ‘చేరుండారు’ అని పెట్టినా నాకిష్టమే, అందరికీ అర్థమైతుంది, పైగా మీ గ్రూపు ఏ ఊరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన సంగతి. మీరు నాలుగు ముక్కలు రాస్తే అందులో రెండుసార్లు ‘మా’ ఉంది, చివర్లో ‘స్వాగతిద్దాం’ ఉంది. మా అంటే ఎదుటివాళ్ళు కాకుండా మేము. మన అంటే ఎదుటివాళ్ళతో కలిపి. ఈ తేడా ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు, సంస్కృతంలో కూడా లేదు. తడ దాటి అవతలికి పోతే తమిళంలో ఉంది, నాం, నాంగళ్ అని. ‘దాం’తో అయిపోయే క్రియ ఎప్పుడూ మనం జాతిదే, పోదాం, చూద్దాం, చెప్దాం, వినేవాళ్ళని వదిలేసి ‘దాం’ అనడం కుదరదు. ఇంతకీ మీరు రాసింది ఎవరికి? గ్రూపులో ఉన్నవాళ్ళకే కదా, మరి వాళ్ళతోనే ‘మా టీం’ అని చెప్తే వాళ్ళు బయటివాళ్ళైపోయారు, వెంటనే కింద లైన్లో ‘స్వాగతిద్దాం’ అని వాళ్ళని మళ్ళీ లోపలికి లాక్కొచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి కూడా అదే చదువుతుంది, ఆమెకి తను ఏ వైపుందో తెలియదు.

మన ఇళ్ళల్లో ఇది ఎంత బాగా జరుగుద్దో గమనించండి. పిలిచేటప్పుడు ‘ఒకసారి మా ఇంటికి రండి’ అంటాం, ఆ పిలుపులో ‘మన ఇంటికి రండి’ అంటే వాళ్ళు ఎవరింటికని అడుగుతారు. అదే మనిషి వచ్చి కూచున్నాక మొహమాటపడుతుంటే ‘మన ఇల్లే అనుకోండి’ అంటాం. గడప దాటేసరికి మా పోయి మన వచ్చె. అట్నే పక్కింటి వాళ్ళ పిల్ల గురించి వాళ్ళనే అడిగేటప్పుడు ‘మనమ్మాయి ఏం చదువుతోంది’ అంటారు పెద్దోళ్ళు, ఆ పిల్ల వీళ్ళ పిల్ల కాదు, అయినా మన అనగానే అడిగినాయన బంధువైపోతాడు. అసలు మన అనకూడని చోట్లు కూడా ఉండాయనుకోండి, ‘మా ఆయన’ని పొరపాటున కూడా ‘మన ఆయన’ అనరు కదా. ఊళ్ళ విషయంలో ఇంకా గట్టిగా పట్టుకుంటాం దీన్ని. వేటపాలెంలో సారస్వత నికేతనం అనే లైబ్రరీ ఉంది చూశారా, 1918లో మొదలైంది, 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు, 2022లో జిల్లాలు మార్చినప్పుడు వేటపాలెం ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది. అయినా ఒంగోలు వాళ్ళెవరిని అడిగినా ‘మన వేటపాలెం లైబ్రరీ’ అనే అంటారు, జిల్లా పోతే పోయిందిలే, మన పోలేదు.

కాబట్టి ఆ అమ్మాయిని పనిలోకి రమ్మని మీరు పంపిన మెసేజీలో ‘మా గ్రూపులో చేరతారా’ అని ఉంటే అది సరైందే. చేరినాక రాసేదాంట్లో మాత్రం అన్నీ మన కావాలి. సుస్వాగతంలో ఇంకో నాలుగు సులు పెట్టినా ఒక్క మన చేసే పని చేయలేవు.

అయితే ‘మన’ పక్కన ‘కమ్యూనిటీ’ మాత్రం పెట్టొద్దు. బుక్ కమ్యూనిటీ అని రెండూ కలిపి అంటే పర్లేదు గానీ, మన నెల్లూరు ప్రకాశం జిల్లాల్లో ఒట్టి ‘మన కమ్యూనిటీ’ అంటే ఏం అర్థమో మీకు నేను చెప్పాలా, సర్టిఫికెట్టు గుర్తొస్తుంది, కల్యాణమండపం గుర్తొస్తుంది. కొత్తమ్మాయికి ‘మన కమ్యూనిటీలోకి స్వాగతం’ అని పెడితే లేనిపోని అనుమానాలు. గ్రూపు అనండి, బృందం అనండి, ‘చదువరులు’ అనే మంచి మాట కూడా ఉంది, అందులో పాఠకుడా పాఠకురాలా అనే పేచీ లేదు. అట్నే జీతం లేకుండా సాయం చేసే మీ పాతవాళ్ళని వాలంటీర్లు అని రాయాలనుకుంటే కాస్త ఆలోచించండి, 2019 నుంచి కొన్నేళ్ళు మన రాష్ట్రంలో వాలంటీర్లే ఇంటికొచ్చి పింఛను ఇచ్చారు, ఆ మాటకి ఆ అర్థమే బలంగా పడిపోయింది. సాయం చేస్తున్నవాళ్ళు అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇవన్నీ కలిపి నేనైతే ఇట్టా రాస్తాను: ‘మన గ్రూపు పనులు చూసుకోవడానికి ఫలానా గారు ఈరోజు చేరారు. ఇకనుంచి పార్సిళ్ళు, పుస్తకాల లిస్టు, ఆదివారం మీటింగు అన్నీ వీరే చూస్తారు. మనందరం వీరికి స్వాగతం చెప్దాం.’ ఇందులో పెద్ద మాటలేం లేవు, ఉండక్కర్లేదు కూడా. ఆమె ఏం పని చేస్తారో ఒక లైను పెట్టాను చూశారా, మీ దాంట్లో అది లేదు, నలుగురూ నాలుగు స్వాగతాలు చెప్పేసి పార్సిల్ సంగతి మళ్ళీ మీకే ఫోన్ చేస్తారు.

లైబ్రేరియన్ అనే హోదా గురించి. బీరువాలూ రిజిస్టరూ లేకుండా లైబ్రేరియన్ ఏంది అని మీవాళ్ళెవరన్నా అంటే, గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల వెబ్‌సైట్‌లో పుస్తకాల వివరాలు సరిదిద్దే వాళ్ళని కూడా లైబ్రేరియన్లు అనే అంటారని చెప్పండి, అక్కడా బీరువాల్లేవు. తెలుగులో పెట్టాలంటే గ్రంథపాలకురాలు అనొచ్చు, మాట బాగానే ఉంది, పిలవడానికే కాస్త పొడుగు. నాకైతే లైబ్రేరియన్ అనే ఉంచేయడం మేలనిపిస్తుంది, మన బళ్ళల్లో అందరూ లైబ్రేరియన్ సార్, లైబ్రేరియన్ మేడమ్ అనే పిలుస్తారు. కాదు, తెలుగే కావాలి అంటే మీరు రాసిన ‘గ్రంధ’లో ధ తీసేసి థ పెట్టండి, మధ్యలో చుక్క ఉండే అక్షరం, గ్రంథం. ఊళ్ళల్లో లైబ్రరీ బోర్డుల మీదే ‘గ్రంధాలయం’ అని ఉంటుంది కాబట్టి మీ తప్పేం లేదు గానీ, ఆమె పేరు కింద హోదా ప్రింట్ చేయించేముందు ప్రెస్ వాళ్ళకి ఆ చుక్క సంగతి గట్టిగా చెప్పండి, మీరు కరెక్టుగా పంపినా వాళ్ళు మళ్ళీ ధ చేసేస్తారు.