బీఆర్క్ తర్వాత యూరప్‌లో ఏ ఊళ్లో ఎంత జీతం వస్తుంది?

హైదరాబాద్‌లో బీఆర్క్ చివరి ఏడాది చదువుతున్నారు, యూరప్‌లో మాస్టర్స్ చేస్తే ఆర్కిటెక్ట్‌కి మొదట్లో ఏ నగరంలో ఎంత ఇస్తారో తెలియాలి. అంతే కదా మీ ప్రశ్న? నేను డెస్సావ్‌లో మాస్టర్స్ చేసి 2021 నుంచి జర్మనీలోనే పనిచేస్తున్నాను. కాబట్టి జర్మనీ గురించి చెప్పేది నా అనుభవం. మిగతా ఊళ్ల అంకెలు నాతో చదివినవాళ్లు, పనిచేసినవాళ్లు చెప్పినవి.

ఐటీలో ఉన్న మీ ఫ్రెండ్స్ ప్యాకేజీలు మాత్రం పక్కన పెట్టండి. మన వృత్తికి ఇక్కడా పెద్ద డబ్బు లేదు.

నా మొదటి ఉద్యోగం లైప్‌జిగ్‌లో. ఏడాదికి 36,000 యూరోల గ్రాస్. పన్ను, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ పోగా నెలకు చేతికి దాదాపు 2,000 వచ్చేది. చిన్న ఫ్లాట్‌కి హీటింగ్‌తో కలిపి అద్దె 450. 2023 చివర్లో మ్యూనిక్‌కి మారితే జీతం 50,000 అయింది. ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు కానీ, చేతికొచ్చిన 2,650లో ఒంటిగది ఫ్లాట్‌కే 1,200 పోయింది. లెక్క వేసుకోండి, అద్దె కట్టాక లైప్‌జిగ్‌లోనే నా దగ్గర ఎక్కువ మిగిలేది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకి మ్యూనిక్, స్టుట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో 42,000 నుంచి 46,000 దాకా ఇస్తున్నారు. లైప్‌జిగ్, బెర్లిన్‌లలో దానికి నాలుగైదు వేలు తక్కువ. బెర్లిన్‌లో పేరున్న డిజైన్ ఆఫీసులైతే ఇంకా తక్కువిచ్చినా మనుషులు దొరుకుతారు, అందరికీ అక్కడే ఉండాలని ఉంటుంది మరి.

మరి తక్కువ మిగిలే ఊరికి ఎందుకెళ్లానంటే, పని కోసం. జర్మనీలో ఆర్కిటెక్ట్ ఫీజు ఎలా లెక్కగడతారో ఫీజుల నిబంధనావళిలో ఉంటుంది, దాన్ని ఇక్కడ ‘హోఆయ్’ అంటారు. బిల్డింగ్ పని మొత్తాన్ని అందులో తొమ్మిది దశలు చేశారు. కాన్సెప్ట్, డిజైన్ ఉండే మొదటి మూడు దశలకీ కలిపి ఫీజులో 24 శాతమే. వర్కింగ్ డ్రాయింగ్స్ ఉండే ఐదో దశకి 25 శాతం, సైట్ సూపర్‌విజన్ ఉండే ఎనిమిదో దశకి ఒక్కదానికే 32 శాతం. భాష రాని విదేశీ కుర్రాళ్లని ఎక్కడ కూర్చోబెడతారంటే, ప్రాజెక్టు దక్కించుకోవడానికి ఆఫీసులు పాల్గొనే డిజైన్ కాంపిటీషన్లకి త్రీడీలు, రెండర్లు చేసే టేబుల్ దగ్గర. అంటే ఆఫీసుకి తక్కువ డబ్బు తెచ్చే చోట. కాంపిటీషన్ ఓడిపోతే అదీ రాదు. జీతం ఎందుకు కదలదో అర్థమైందా? సైట్‌లో కాంట్రాక్టర్‌తో జర్మన్‌లో గొడవపడగలిగిన రోజు నుంచి మీ బేరమే వేరు. మ్యూనిక్ ఆఫీసు నన్ను ఐదో దశకి తీసుకుంది, ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాను. ఒక ఆఫీసులో నాతోపాటు చేరినతను నాకంటే మంచి డిజైనర్, ఇంగ్లిష్‌తోనే నెట్టుకొచ్చాడు. అతని జీతం చాలాకాలం అక్కడే ఉండిపోయింది.

ఇక మిగతా దేశాలు. మనకి అక్కడి సగటు జీతం కంటే వీసాకి పెట్టిన కనీస జీతం ముఖ్యం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో కొత్తవాళ్లకి నెలకు 2,800 నుంచి 3,200 యూరోల గ్రాస్ వస్తుంది, దానిమీద 8 శాతం హాలిడే అలవెన్స్. ఆఫీసులన్నిటికీ వర్తించే వేతన ఒప్పందం ఉంది కాబట్టి మరీ దోచుకోవడం కుదరదు. కానీ అలవెన్స్ కలపకుండానే, చదువైపోయిన కొత్తలో వచ్చే రాయితీ వీసాకి 2025లో నెలకు 2,989 ఉండాల్సింది. ఆ అవకాశం దాటిపోతే ముప్ఫై ఏళ్లలోపు వాళ్లకి అదే ఏడాది 4,171. జూనియర్ ఆర్కిటెక్ట్‌కి అంత ఎవరిస్తారు? లండన్‌లో పార్ట్ 2 (అక్కడ ఆర్కిటెక్ట్ అర్హతలో మాస్టర్స్ స్థాయి దశ) అయినవాళ్లకి ఏడాదికి 30,000 పౌండ్లకి అటూఇటూ. స్కిల్డ్ వర్కర్ వీసాకేమో 2025 జులై నుంచి కనీసం 41,700 కావాలి, న్యూ ఎంట్రంట్ (కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లు) కింద వెళ్తే కనీసం 33,400. చదివాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి జీతం షరతు లేదు గానీ, అది అయిపోయే రోజొకటి వస్తుంది. మా వాళ్లలో ఇద్దరు ఆ మెట్టు దాటలేక హైదరాబాద్ వచ్చేశారు.

మిలాన్, బార్సిలోనా, లిస్బన్ చూడ్డానికి బాగుంటాయి. మిలాన్‌లో చాలామంది జూనియర్లు కాగితం మీద ఉద్యోగులే కారు. సొంత పన్ను నంబర్ తీసుకుని, నెలనెలా ఆఫీసుకి 1,200, 1,500 చొప్పున బిల్లు పెడతారు. పన్ను, పెన్షన్ అందులోంచే కట్టుకోవాలి. పెయిడ్ లీవ్ ఉండదు. అమ్మానాన్నల ఇంట్లో ఉండే ఇటాలియన్ కుర్రాడికి అది నడుస్తుంది. మనకి ఆ పద్ధతిలో వీసా రావడమే కష్టం. లిస్బన్‌లోనూ దాదాపు అంతే ఇస్తారు, కాకపోతే ఏడాదికి పద్నాలుగు జీతాలు.

జ్యూరిక్ గురించి అందరూ అడుగుతారు. నెలకు 5,500 నుంచి 6,000 ఫ్రాంకులు, పదమూడు నెలల జీతం. హెల్త్ ఇన్సూరెన్స్ విడిగా మనమే కట్టుకున్నా అన్నిటికంటే ఎక్కువ మిగిలేది అక్కడే. కానీ యూరప్ బయటివాళ్లకి పర్మిట్లు కోటా ప్రకారం ఇస్తారు. నాకు తెలిసిన మనవాళ్లలో అక్కడ నిలదొక్కుకున్నది అక్కడే చదివిన ఒక్కరే.

జర్మనీలో కొత్తగా చదివినవాళ్లకి బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీయులకిచ్చే వర్క్ పర్మిట్) కావాలంటే 2025లో ఏడాదికి 43,759.80 యూరోలుండాల్సింది. ఆఫర్ 42,000 దగ్గర ఆగితే ఆ ఏడాది అంకె చెప్పి అడగండి, కొన్ని ఆఫీసులు పెంచుతాయి. నాకు లైప్‌జిగ్‌లో బ్లూ కార్డ్ రాలేదు, మామూలు వర్క్ పర్మిట్ మీదే ఉన్నాను, అదేం నష్టం కాదు. సంతకం పెట్టేముందు మాత్రం జీతం పన్నెండు నెలలకా పదమూడుకా, ఓవర్‌టైమ్‌కి విడిగా ఇస్తారా లేక జీతంలోనే కలిపేశారా చూడండి. నా మొదటి కాంట్రాక్ట్‌లో కలిపేశారు. కాంపిటీషన్ వారాల్లో రాత్రి పదింటిదాకా ఉన్నా పైసా రాలేదు.