వృద్ధాశ్రమంలో అమ్మ మాటిమాటికీ పడిపోతోంది, వయసు వల్లేనా?

వయసు ఒక్కటే కారణమైతే పగలూ రాత్రీ ఎక్కడపడితే అక్కడ పడాలి. మీ అమ్మగారు మూడుసార్లూ తెల్లవారుజామునే, మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే పడ్డారంటున్నారు. అందుకే గచ్చు కన్నా ముందు మందుల చీటీ చూడండి.

రాత్రి మాత్రల్లో ఫ్యూరోసెమైడ్ లాంటి నీటిమాత్ర ఉంటే మూత్రానికి లేవక తప్పదు. దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి. నిద్రకని ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ కూడా ఇస్తుంటే సరే సరి: ఒక మాత్ర లేపుతుంది, ఇంకోటి తూలిస్తుంది. అలాగని నిద్రమాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు.

బీపీ కూర్చోబెట్టి ఒక్కసారి చూసి రిజిస్టర్లో రాసేస్తారు. అది చాలదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, ఆ తర్వాత నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడమనండి. పక్కన ఒకరు పట్టుకోవాలి. పడుకున్నప్పటి కన్నా పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే లేవగానే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. మందుల మోతాదు డాక్టర్ చూస్తారు. ఈలోగా లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

మంచం మీద కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. చాలామందికి పరుపుతో కలిపి 45 సెం.మీ. అటూఇటూ సరిపోతుంది. పక్కన కమ్మీలు పెట్టిస్తే భద్రం అనుకోకండి, మతిమరుపు ఉన్నవాళ్లు వాటినెక్కి దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు.

బాత్రూమ్‌లో టవల్ రాడ్ చూశారా? తూలగానే చేయి దానిమీదికే పోతుంది, రెండు చిన్న స్క్రూలతో సహా ఊడి చేతికొస్తుంది. కమోడ్ పక్కన గోడకి యాంకర్ బోల్టులతో బిగించిన, 32–38 మి.మీ. లావు స్టీలు రాడ్ ఉండాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. నైటీ చీలమండకి పైనే ఆగాలి.

ఇంతకు ముందు పడని మనిషి ఉన్నట్టుండి పడుతుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో, రక్తంలో సోడియం, షుగర్ ఎలా ఉన్నాయో చూపించండి. ఈ వయసులో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు.

మళ్లీ పడితే గబుక్కున రెక్క పట్టుకుని లేపొద్దని ఆయాలకి చెప్పండి. ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు, కదపకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతూ తలకి దెబ్బ తగిలితే, బాగానే మాట్లాడుతున్నా సరే, ఆ రోజే సీటీ స్కాన్ తీయించాలి.